ఐదో నంబరు అద్దం

మా అమ్మాయి నాతో మాట్లాడేటప్పుడు నా ముఖంలోకి చూడదు. నా ఎడమ భుజం మీదుగా, చెవికి కాస్త అవతల ఎక్కడో చూస్తూ మాట్లాడుతుంది. కొత్తలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూశానో నాకే తెలియదు. ఎవరో వచ్చి నా వెనకాల నిలబడ్డట్టే ఉండేది. తిరిగి చూస్తే గోడ ఉండేది, లేదంటే వాకిలి ఉండేది. ఇప్పటికీ ఒక్కోసారి తిరుగుతాను. అలవాటైపోయిందని అంటే అబద్ధం.

దాని కళ్ళు పాడుచేసింది నేను. అది చేజేతులా చేసుకుందని ఊరందరికీ చెప్పింది కూడా నేనే. దాదాపు మూడేళ్ళు అదే మాట చెప్పాను. నిజం చెప్పాలా వద్దా అని నాలో నేను కొట్టుకున్న మూడేళ్ళ సంగతే ఇది. దయ్యాలు పట్టడమంటే ఏమిటో నాకు తెలియదు గానీ, నన్ను పట్టింది మాత్రం ఇదే.

నాది వెల్డింగు పని. రాజపాళయంలో తెన్‌కాశి రోడ్డు పక్కన నాకో పట్టరై ఉంది. పట్టరై అంటే పెద్దదేమీ కాదు, గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే రేకుల షెడ్డు. మా ఇంట్లో మాట తెలుగు, మేం చదివిన చదువు తమిళం. తెలుగు అక్షరాలు నాకు విజయవాడలో అంటుకున్నాయి. పని నేర్చుకోవడానికి ఆటోనగర్‌లో నాలుగేళ్ళు ఉన్నాను. లారీల వెనక రాతలూ గోడల మీద సినిమా పోస్టర్లూ కూడబలుక్కుని చదివేవాణ్ణి. నా మాట విని అక్కడివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు, "ఏ కాలం నాటి తెలుగురా బాబూ నీది" అని. నవ్వితే నవ్వారు, పని మాత్రం కడుపులో దాచుకోకుండా నేర్పారు.

వెల్డింగు వెలుగు కంటిని ఎట్లా కొడుతుందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ముఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా ఆ నీలం వెలుగు చూస్తే పగలంతా ఏమీ తెలియదు. దీపాలు పెట్టే వేళకు మొదలవుతుంది. రెప్పల కింద గుప్పెడు ఇసుక పోసి నలిపినట్టు ఉంటుంది. నీళ్ళు ధారగా కారతాయి. ఉల్లగడ్డ ముక్కలు, అదే మీరు బంగాళదుంప అంటారు, కళ్ళ మీద పెట్టుకుని పడుకుంటాం. రెండో రోజుకో మూడో రోజుకో తగ్గుతుంది. ముప్పై ఏళ్ళలో నాకు పదిసార్లయినా వచ్చి ఉంటుంది. అందుకని మా పనివాళ్ళకు ఒక లెక్క ఉంది. వెలుగు దెబ్బ తగిలితే నొప్పి పుడుతుంది, నొప్పి లేదంటే దెబ్బ తగల్లేదు. ఆ లెక్కను నేను గుడ్డిగా నమ్మాను, అదే నా కొంప ముంచింది.

కరోనా రావడానికి కాస్త ముందు, మార్గళి నెల, అంటే ధనుర్మాసం చలిలో, ఒకరోజు పొద్దున సూర్యగ్రహణం పట్టింది. పిల్లలకు అర్ధసంవత్సరం పరీక్షలయి సెలవులు. మా ఆవిడ సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లులో పనిచేస్తుంది. ఆమె గ్రహణమని ఆగకుండా బస్సెక్కి పోయింది. ఇంట్లో మా అమ్మ, నేను, మా అమ్మాయి. అప్పుడు అమ్మాయికి పదకొండేళ్ళు, ఆరో తరగతి.

మా అమ్మ తెల్లవారకముందే లేచి, ఇత్తడి తాంబాళంలో పసుపు నీళ్ళు పోసి, నడిమధ్యన రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టినంతసేపూ ఆ రోకలి దేని ఆసరా లేకుండా నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మావాళ్ళ నమ్మకం. సూర్యుణ్ణి చూడాలనుకుంటే ఆ పసుపు నీళ్ళలో నీడ చూసుకోవాలి, తలెత్తి చూడకూడదు. నీళ్ళలో చూసినా కంటికి పూర్తిగా మంచిది కాదని తర్వాత కంటి డాక్టరమ్మ ఒకామె చెప్పింది. అయినా మా అమ్మ చెప్పిన దాంట్లో సగం నిజముంది. నేను చెప్పిన దాంట్లో అదీ లేదు.

అమ్మాయి అవ్వ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని తాంబాళంలోకి చూస్తోంది. ఒళ్ళో నోటు పుస్తకం, పెన్సిలు. గ్రహణం ఎట్లా మారుతుందో బొమ్మలు వేసుకు రమ్మని బళ్ళో చెప్పారట. నేను చొక్కా తొడుక్కుంటూ వచ్చాను.

"ఏమ్మా, పిల్లకు రోకలి కథలు నేర్పిస్తా ఉండావా?"

"కథలు కాదురా. మా అమ్మ చూసింది, వాళ్ళమ్మ చూసింది. గ్రహణం వేళ బిడ్డను బయటికి తీయొద్దు."

"ఆ కాలం పోయింది. నా దగ్గర కణ్ణాడి ఉంది. కణ్ణాడి పెట్టుకుంటే సూర్యుడు ఏం చేస్తాడు?"

మా వైపు కళ్ళద్దాలను కణ్ణాడి అనే అంటాం. అమ్మాయి నెమ్మదిగా అంది, "నైనా, నేను ఈడనే చూస్తాను. నీళ్ళల్లో బాగా తెలుస్తా ఉంది."

"నీళ్ళల్లో ఏం తెలుస్తుంది? కదిలిపోతా ఉంటుంది. రా పాపా, నిజం సూర్యుణ్ణి చూపిస్తాను."

చెయ్యి పట్టుకుని లేపాను. అది అవ్వ ముఖం వంక చూసింది, నా ముఖం వంక చూసింది. లేచి వచ్చింది. చెప్పిన మాట వినే పిల్ల. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం నేను, నా మాటకు ఎదురు చెప్పడం దానికి చేతకాదు.

పట్టరై ముందు అప్పటికే వీధి జనం పోగయ్యారు. నా దగ్గర వెల్డింగు కవచాలు రెండున్నాయి, ముఖానికి అడ్డం పెట్టుకునేవి, నల్లద్దం బిగించినవి. అవి చేతులు మారుతున్నాయి. ఒకరు చూసి "అబ్బ!" అనడం, ఇంకొకరు లాక్కోవడం. ఆ పూట నా డాబు చూడాలి. నల్లద్దం ఎట్లా పనిచేస్తుందో, వెలుగు ఎట్లా ఆగుతుందో అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాను. టీ కొట్టు ఆయన నాకు టీ తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు నేనే పెద్ద సైంటిస్టును.

కవచం ఒక చేత్తో పట్టుకుంటే అమ్మాయి బొమ్మ ఎట్లా గీస్తుంది? పైగా వాటికోసం పది మంది కాచుకుని ఉన్నారు. గోడకు వేలాడుతున్న గ్యాస్ కటింగు కళ్ళద్దాలు తీశాను. గ్యాసు మంటతో ఇనుము కోసేటప్పుడు పెట్టుకునేవి. ఆకుపచ్చ అద్దాలు, వెనక రబ్బరు పట్టీ. తలకు తగిలిస్తే రెండు చేతులూ ఖాళీ. దాని చిన్న తలకు సరిపోయేలా పట్టీ నేనే బిగించాను.

"చూడు. కండ్లు కూస్తా ఉందా?" అన్నాను, వెలుగుకు కళ్ళు జిగేలుమంటున్నాయా అని.

"లేదు నైనా. చల్లగా ఉంది."

చల్లగా ఉంది! ఆ మాట విని నేను మురిసిపోయాను. స్టూలు మీద కూర్చోబెట్టి నా పనిలో నేను పడ్డాను, అంటే జనానికి ఉపన్యాసమిచ్చే పనిలో. అది చూడడం, గీయడం, చూడడం, గీయడం. ఎంత శ్రద్ధో! సూర్యుడికి పక్కన చిన్న కొరుకుడు, తర్వాత సగం, తర్వాత కొడవలి. పేజీ అంతా గుండ్రాలు. ఒక్కో గుండ్రం సరిగ్గా రావడానికి రెండు మూడుసార్లు తలెత్తి నిదానంగా చూసింది. ఒక్కసారి కూడా కళ్ళద్దాలు తీయలేదు. ఈ మాట నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్తాను. గ్రహణం విడిచాక నేనే తీశాను. దాని కణతల మీద పట్టీ గీతలు ఎర్రగా పడి ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి రోకలి పడిపోయింది. మా అమ్మ తలకు నీళ్ళు పోసుకుని, పిల్లకూ పోసింది. మధ్యాహ్నం అమ్మాయి, కళ్ళ ముందు పచ్చగా ఒక మచ్చ తేలుతోందని అంది. వెల్డింగు చేసే ప్రతివాడికీ అట్లా తేలుతుందని, కాసేపటికి పోతుందని చెప్పాను. సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని మా పనివాళ్ళ లెక్క ప్రకారం అడిగాను.

"కండ్లు మండుతా ఉందా?"

"లేదు."

"నీళ్ళు కారతా ఉందా? ఇసుక పడినట్ల?"

"ఏమీ లేదు నైనా."

"విన్నావా అమ్మా?" అని మా అమ్మ వైపు తిరిగి మీసం తిప్పినంత పని చేశాను. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.

మర్నాడు పొద్దున దోసె తింటూ అమ్మాయి, దోసె నడుమ పెద్ద బొక్క ఉందంది. దోసెకు బొక్కలు లేకుండా ఎట్లాగని మా ఆవిడ నవ్వింది. అది నవ్వలేదు. తలెత్తి వాళ్ళమ్మ వైపు చూసి, ఒక్క నిమిషం అట్లాగే ఉండి, "అమ్మా, నీ ముఖం లేదు" అంది.

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"చుట్టూ ఉంది. వెంట్రుకలు ఉండాయి, కమ్మలు ఉండాయి. నడుమ లేదు."

ఆ మాట అది ఏడుస్తూ అనలేదు. కనబడింది కనబడినట్టు చెప్పింది, అంతే. నా నోరు ఊరుకుంటుందా? రెండు రోజుల్లో సరిపోతుంది, నాకెన్నిసార్లు రాలేదూ, అన్నాను. రెండు రోజులు కాస్తా మూడయ్యాయి. పిల్ల గోడలు తడమలేదు, దేనికీ గుద్దుకోలేదు. నడిచేది, ఆడుకునేది. ఏ వస్తువైనా కావాలనుకుని దాని వైపు చూస్తే మాత్రం ఆ వస్తువు మాయమయ్యేది. నాలుగో రోజు మధురైలో కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం.

కళ్ళలో చుక్కలు వేశారు, యంత్రంలో గడ్డం పెట్టించి ఫోటోలు తీశారు. డాక్టరమ్మ వయసులో చిన్నదే. ఫోటోలు చూస్తూ నన్నడిగింది, మీరేం పని చేస్తారని. వెల్డింగు అన్నాను. ఆమె తలెత్తి నన్నొకసారి చూసింది. తర్వాత అమ్మాయి వైపు వంగి, గ్రహణం ఎట్లా చూశావమ్మా అని తమిళంలో అడిగింది. అమ్మాయి నోరు తెరిచింది.

నేను ముందే అందుకున్నాను. "కణ్ణాడి ఇచ్చినాను డాక్టర్. ఇదే తీసేసి చూసింది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఆమె నన్నడగనే లేదు. వెల్డింగు పనివాడివై ఉండి బిడ్డకు ఏం అద్దం ఇచ్చావని అడుగుతుందేమోనని భయం. ఆ భయానికి బిడ్డను ముందుకు తోశాను. మా ఆవిడ పక్కనే ఉంది. "ఎన్నిసార్లు చెప్పినాము నీకు!" అని పిల్ల వీపు మీద ఒకటి వేసింది. డాక్టరమ్మ వద్దని వారించి, ఇంకెప్పుడూ అట్లా చూడకూడదమ్మా అని మెత్తగా మందలించింది.

అమ్మాయి నా వైపు తిరిగింది. అప్పుడే మొదటిసారి, దాని చూపు నా మీద ఆగకుండా భుజం దాటి పోయింది. నేను వెనక్కి తిరిగి చూశాను. గోడకు అక్షరాల పలక వేలాడుతోంది. అంతకు మించి ఏమీ లేదు. అది నన్ను కాదనలేదు. తల దించుకుని, "సరి డాక్టర్" అంది.

భూతద్దంతో కాగితం కాల్చినట్టు కంటి లోపలి తెర మీద ఒక్కచోట వెలుగు కాల్చేసిందని డాక్టరమ్మ చెప్పింది. మనం అక్షరాలు చదివేదీ ముఖాలు గుర్తుపట్టేదీ ఆ ఒక్కచోటుతోనేనట. మందు లేదు. నెలలు గడిస్తే మచ్చ చిన్నదవ్వచ్చు, ఎంత చిన్నదవుతుందో చెప్పలేమంది. నేరుగా చూస్తే కనబడదు గనక పిల్ల చూపు పక్కకు వేసి చూడడం నేర్చుకుంటుంది, దానికి కోప్పడవద్దని కూడా చెప్పింది. "నొప్పి లేదు కదా డాక్టర్, ఒక్క బొట్టు నీళ్ళు కారలేదు" అని నేను పట్టుబట్టాను. "ఆ చోటుకు నొప్పి తెలియదు" అందామె. నా ముప్పై ఏళ్ళ లెక్క ఒక్క మాటతో పోయింది.

వాళ్ళిద్దరినీ బస్టాండులో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, వెల్డింగు సామాన్లమ్మే కొట్టుకు పరిగెత్తాను. గ్యాస్ కటింగు కళ్ళద్దాలతో సూర్యుణ్ణి చూడొచ్చా అని అడిగాను. కొట్టాయన నవ్వాడు. "అది ఐదో నంబరు అద్దం. మంటకు చాలుతుంది. సూర్యుడికి పద్నాలుగు కావాలి. మీ కవచంలో ఉండే పన్నెండుతో అయినా ఒక్క క్షణం చూసి దించేయాలి. ఎందుకు, ఎవరైనా చూసినారా?"

"లేదు. ఊరికే అడిగినాను" అన్నాను.

ఆ చల్లదనమే దాని మోసమని తర్వాత నాకు అర్థమైంది. ఉత్త కళ్ళతో అయితే పిల్ల ఒక్క క్షణం కూడా చూడలేకపోయేది, రెప్పలు వాటంతటవే మూసుకునేవి. పచ్చద్దం కంటిని జోకొట్టింది. కంటిపాప విప్పారింది, రెప్ప ముడుచుకోలేదు, వెలుగూ వేడీ గంటలకొద్దీ లోపలికి పోతూనే ఉన్నాయి. నా అబద్ధంలో చెప్పినట్టు అది నిజంగా కళ్ళద్దాలు తీసేసి ఉంటే దాని కళ్ళు మిగిలేవి. ఈ ముక్క నన్ను ఎన్ని రోజులు తిన్నదో!

ఇంట్లో మా అమ్మకూ అదే అబద్ధం చెప్పాను. నేను బయటికి తీసుకుపోయానన్న కోపం ఆమెకు ఎటూ ఉంది. కానీ కన్నకొడుకు ఇచ్చిన అద్దాన్ని పిల్ల తీసి పారేసిందని వినేసరికి ఆ కోపమంతా పిల్ల మీదికి తిరిగింది. అవ్వకు మనవరాలంటే ప్రాణం. ప్రాణం కాబట్టే అంత కోపం. రోజూ పొద్దున పెరట్లో నందివర్ధనం పూలు కోసుకొచ్చి, పిల్లను పడుకోబెట్టి, మూసిన కళ్ళ మీద ఒక్కొక్క పువ్వు పెట్టేది. కంటికి చలవ అని. పూలు పెడుతూ తిట్టేది.

"చెప్పిన మాట వినని పిల్ల. మీ నైనా ఇచ్చినాడు కదా, పెట్టుకోని చూస్తే నీ సొమ్మేం పోయింది? మొండి ముండ."

అమ్మాయి పూల కింద కళ్ళు మూసుకుని పడుకుని, "సరి అవ్వా, సరి అవ్వా" అనేది. నేను వసారాలో బూట్లు తొడుక్కుంటూ వినేవాణ్ణి. రోజూ వినేవాణ్ణి. మింగలేను, కక్కలేను. ఈ రోజు చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ బండెక్కి పట్టరైకి పోయేవాణ్ణి.

అంతలో కరోనా వచ్చి బస్సులాగిపోయాయి. మూడు నెలలకు మళ్ళీ చూపించమన్న ఆసుపత్రికి ఏడు నెలలకు గానీ పోలేకపోయాం. మచ్చ కొంత తగ్గింది. కుడి కంట్లో ఆవగింజంత మిగిలింది. ఎడమ కంట్లో పెద్దదే ఉండిపోయింది. ఇంక ఇంతేనన్నారు. ఎడమ కంటితో చూస్తే కిటికీ కమ్మీలు వంగి కనబడతాయంటుంది. నేను తీగె కట్టి, మట్టం పెట్టి నిలబెట్టిన కమ్మీలు!

దానికి ఎట్లా కనబడుతుందో చూడాలనిపించింది ఒకరోజు. నా చదువుకునే కళ్ళద్దాలకు నడుమ నల్ల టేపు ముక్కలు అంటించి, అద్దం ముందు నిలబడ్డాను. చెవులున్నాయి, జుట్టుంది, గడ్డం కింది గాటు ఉంది. మనిషి లేడు. వెనక అమ్మాయి కూర్చుని చదువుకుంటోంది, అక్షరాల మీద వేలు పెట్టుకుని. దాని వైపు తిరిగాను. రెండు జడలు, యూనిఫాం కాలరు, వాటి నడుమ నల్లటి చీకటి. టేపు పీకి పారేసి పెరట్లోకి పోయి ఏడ్చాను. ఏడిస్తే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అప్పటినుంచి పట్టరైలో నాకు పిచ్చి పట్టిందని మా పనివాళ్ళంటారు. చుట్టూ రేకులు కట్టించాను. దారిన పోయే పిల్లలు ఆగి వెల్డింగు వైపు చూస్తే రాయి పట్టుకుని తరుముతాను. మంసాపురం నుంచి గేటు కోసం వచ్చిన ఒకాయన, పని జరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన బయానా వెనక్కి తీసుకుని పోయాడు. ఊరందరి కళ్ళూ కాపాడతాను, ఇంట్లో మాత్రం నోరు తెరవను. పిరికి వెధవ అంటే నాలాగే ఉంటాడు.

ఆ మరుసటి సంవత్సరం మా అమ్మ మంచాన పడింది. కరోనా కాదు, వయసు. చివరి రోజు పొద్దున తెలివిగానే ఉంది. అమ్మాయిని దగ్గరికి పిలిచి, దాని బుగ్గ తడిమింది. "ఇకనైనా పెద్దల మాట వినవే పాపా" అంది. అమ్మాయి మంచం పట్టె మీద తల పెట్టి, "సరి అవ్వా, వింటాను" అంది. నేను మంచం అవతల నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉన్నాను. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? "అమ్మా, దాని తప్పు లేదు" అనాలి. నాలుగు మాటలు. నా నాలుక లేవలేదు. చెంచాతో నీళ్ళు పోశాను. మధ్యాహ్నానికి పోయింది.

మా ఇంట్లో ఆ నిజం తెలిసినవాళ్ళం మొదటినుంచీ ఇద్దరమే, నేనూ అమ్మాయీ. మేమిద్దరం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. అన్నం వడ్డిస్తూ నా భుజం మీదుగా చూసి, "ఇంకొంచెం వేయనా నైనా?" అంటుంది. ఆ చూపు చూస్తే, వెనక మా అమ్మ నిలబడి వింటున్నట్టే ఉండేది నాకు. దేవుడి సాక్షిగా, తిరిగి చూసేవాణ్ణి.

అమ్మాయి తొమ్మిదో తరగతికొచ్చింది. ఆ ఏడు దీపావళి మరుసటి రోజు సాయంత్రం మళ్ళీ సూర్యగ్రహణమని, పొద్దు గూకే వేళ కాసేపే ఉంటుందని టీవీలో చెప్పారు. వాళ్ళ బడి టీచరమ్మ అమ్మాయినడిగింది, చిన్న తరగతుల పిల్లలకు నీ కళ్ళకేమైందో చెప్తావా, ఎవరూ చూడకుండా ఉంటారు అని. మీరు కూడా రండని నాకు ఫోను చేసింది. వద్దనడానికి కారణం దొరక్క, దీపావళి సెలవులకు ముందు రోజు బడికి వెళ్ళాను.

ఆరో తరగతి గది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాను. అమ్మాయి బల్ల ముందు నిలబడి తమిళంలో మొదలుపెట్టింది. తడబాటు లేదు.

"మా నైనా నాకు కణ్ణాడి ఇచ్చినారు. బాగా చూసి ఇచ్చినారు. నేనే మాట వినకుండా తీసేసి చూసినాను. నొప్పి ఏమీ లేదు. మరుసటి రోజు మా అమ్మ ముఖం కనబడలేదు."

ఎంత చక్కగా చెప్పిందంటే, నేనే నమ్మేస్తానేమో అనిపించింది. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. నా వంక జాలిగా చూసింది, పాపం ఎంత మంచి తండ్రి అన్నట్టు. ఆ జాలి నా ఒంటి మీద కారం పోసినట్టయింది.

రెండో బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "అక్కా, మా చిన్నాన్న లేత్ మిషను పట్టరైలో పనిచేస్తాడు. ఆయన దగ్గర పచ్చ కణ్ణాడి ఉంది. అది తీయకుండా పెట్టుకోని చూస్తే ఏమీ కాదు కదా?"

అమ్మాయి నా అబద్ధాన్ని నిలబెట్టాలంటే ఔననాలి. ఔనంటే ఆ పిల్ల సాయంత్రం పోయి చిన్నాన్న కళ్ళద్దాలు అడుగుతుంది. కాదంటే నేను దొరికిపోతాను. అమ్మాయి గుమ్మం వైపు తిరిగింది, భుజం మీదుగా ఎప్పుడూ చూసే చోటికే చూసింది.

"అది నాకంటే మా నైనాకు బాగా తెలుసు. అడుగు పాపా. ఆయన వెల్డర్" అంది.

తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను వెనక్కి తిరిగి చూడలేదు. వెనక ఎవరూ లేరని ఆ పూట నాకు తెలుసు.

"చూడకూడదమ్మా" అన్నాను. మళ్ళీ అన్నాను. "పచ్చ కణ్ణాడితో చూడకూడదు. పెట్టుకోని చూసినా కండ్లు పోతాయి. అది ఐదో నంబరు, మంటకే, సూర్యుడికి కాదు. నేను నా కూతురికి అదే పెట్టినాను. పట్టీ నేనే బిగించినాను. ఇది ఒక్కసారి కూడా తీయలేదు. నీళ్ళల్లో చూస్తానంటే నేనే చెయ్యి పట్టి లాక్కొచ్చినాను. తీసేసి చూసిందని డాక్టరుకు అబద్ధం చెప్పినాను. మూడేళ్ళుగా అందరికీ చెప్తా ఉండాను."

ఇంకా ఏమేం చెప్పానో గుర్తు లేదు. అద్దాల నంబర్లు నల్లబల్ల మీద రాసి చూపించానని టీచరమ్మ తర్వాత చెప్పింది. ఆ పిల్ల నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఆ చూపు మాత్రం గుర్తుంది, సూటిగా నా ముఖంలోకి. గంట కొట్టారు.

మా ఆవిడకు ఆ రోజే చెప్పాను. ఆమె నాతో ఎన్నాళ్ళు మాట్లాడలేదన్నది మా ఇద్దరి సంగతి, ఇక్కడ రాయను.

బడి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు అమ్మాయి బండి మీద నా వెనక కూర్చుంది. సేత్తూరు బస్సు ఒకటి మమ్మల్ని దాటుకుని పోయింది. ఏదైనా అంటుందని నేను చెవులు రెండూ వెనక్కే పెట్టి నడుపుతున్నాను. తిడితే బాగుండు, ఏడిస్తే బాగుండు, పోనీలే నైనా అంటే ఇంకా బాగుండు. నిజం చెప్పాలంటే ఆ చివరి మాట కోసమే కాచుకుని ఉన్నాను. అంత చేసి కూడా బిడ్డ చేత క్షమించానని అనిపించుకోవాలనే ఆశ.

మా వీధి మలుపు తిరిగే ముందు అంది. గొంతులో కోపం లేదు.

"అవ్వ ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు నైనా."

నాకు కళ్ళు మసకలు కమ్మాయి. బండి ఆపితే దిగి దాని ముఖం చూడాల్సి వస్తుంది. ఇల్లు దాటిపోయినా ఆపలేదు.